పెడితే తిన్నాడా?

కూర్మాచార్యులుగారికి వాదన గిట్టదు. ఎవరైనా సందేహం తెచ్చి ముందు పెడితే అవునని గాని కాదని గాని అనరు. అడకత్తెర తీసి వక్క కత్తిరించడం మొదలుపెడతారు. పలుకులు పళ్ళెంలో పడుతున్నంతసేపూ అడిగినవాడు తన ప్రశ్న తానే నెమరేసుకోవాలి. కొందరికి ఆపాటికే జవాబు తట్టి, దణ్ణం పెట్టి లేచి వెళ్తారు. తట్టనివాళ్ళకు ఆయన ఒక సంగతి చెబుతారు. అది పురాణాల్లోది కాదు, ఊళ్ళో జరిగినదే.

ఆ ఆదివారం పైడిరాజు వచ్చేసరికి ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. పైడిరాజు కాలేజీలో తెలుగు లెక్చరరు, ఆచార్యులుగారి దగ్గర కావ్యాలు చెప్పించుకున్న శిష్యుడు. మంచివాడే. కాకపోతే చదివిన ప్రతి పుస్తకమూ తనకోసమే రాశారని నమ్మే రకం. చంకలో ఒక నవల ఉంది. ఏనాటిదో పాత నవల, ఈమధ్య మళ్ళీ అచ్చయింది. పరాయి మగవాడితో ఇల్లు విడిచిపోయి, ఆఖరికి తిరిగివచ్చి గుమ్మంలో నిలబడ్డ ఒక భార్య కథ.

"ఏడ్చేశాను గురువుగారూ," అన్నాడు కూర్చుంటూనే. "ఆవిడ అలా గుమ్మంలో నిలబడుతుంది. భర్త తలెత్తి చూస్తాడు. ఎక్కడికెళ్ళావని అడగడు, ఎందుకొచ్చావని అడగడు. 'ఆకలేస్తోంది, అన్నం పెట్టు' అంటాడు. అంతే, నవల అయిపోతుంది. అలాంటి ఆడదాన్ని ఈ జన్మలో క్షమించలేననుకునేవాణ్ణి. క్షమించేశానండీ! నా సందేహమల్లా ఒకటే. పుస్తకం చదివి కన్నీళ్ళు పెట్టుకున్నవాడు, చదవకముందుకన్నా కాస్తయినా మంచివాడైనట్టే కదా?"

అడిగిన తీరులో సందేహం తక్కువ, మెప్పు కోసం చాచిన చెయ్యి ఎక్కువ. ఆచార్యులుగారు అడకత్తెర అందుకున్నారు. ఆ టకటకల మధ్య ఊరుకోలేక పైడిరాజు నవ్వుతూ ఇంకో మాట చేర్చాడు.

"ఆ ఆఖరి ఘట్టం నిన్న మా ఆవిడ రత్నానికి కూడా చదివి వినిపించానండీ. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ వింది. నేనేమో కళ్ళు తుడుచుకుంటున్నాను. తనేమందో తెలుసా? 'పెడితే తిన్నాడా?' అంది! రచయిత అంత ఎత్తుకు తీసుకెళ్ళి నిలబెడితే ఈవిడకి తిండి గొడవ. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అన్నాను."

అడకత్తెర ఆగింది. ఆచార్యులుగారు శిష్యుడి మొహంలోకి చూసి, పళ్ళెం పక్కకు జరిపి, పరాంకుశం సంగతి ఎత్తుకున్నారు. ఆ దంపతులిద్దరూ ఇప్పుడు లేరు కనక చెబుతున్నానన్నారు.

అప్పట్లో ఊరి గ్రంథాలయంలో ఆదివారం మధ్యాహ్నాలు నవల చదివి వినిపించే ఆనవాయితీ ఉండేది. చదువు రానివాళ్ళూ, వచ్చినా పుస్తకం కొనలేనివాళ్ళూ వచ్చి చాపల మీద కూర్చునేవారు. బీరువాలకు అవతలి పక్క ఆడవాళ్ళు. చదివేది పరాంకుశం, కచేరీలో గుమాస్తా. ఆయన చదువుతుంటే పక్కింటివాళ్ళ కష్టం మన చెవిలో చెబుతున్నట్టుండేది. భార్య తాయారు ఏ ఆదివారమూ మానకుండా వచ్చి వినేది. ఒక ఏడు ఆయన చదివింది ఈ నవలే. ఆఖరి ఆదివారం, 'అన్నం పెట్టు' అన్న మాట దగ్గరకొచ్చేసరికి ఆయన గొంతు పూడుకుపోయింది. పుస్తకం మూసి, కండువాలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత లేచి నిలబడి, "తప్పు చేసి వచ్చిన భార్యను ఇంత అన్నం పెట్టమని అడగలేనివాడు సంసారానికి పనికిరాడు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అవతలి పక్క తాయారు మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బీరువాల సందులోంచి ఆయన మొహమే చూస్తూ కూర్చుంది.

ఆవిడ మనసులో ఒక పాత ముల్లు ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో పరాంకుశానికి దూరపు ఊరు బదిలీ అయింది. అత్తగారి దగ్గర ఆవిడ ఒంటరిగా రోజులు లెక్కపెట్టుకుంటున్నప్పుడు, ఎదురింట్లో అద్దెకున్న మేష్టరుతో జరగరానిది జరిగింది. కొన్నాళ్ళే. అతను ఊరొదిలిపోయాడు, తర్వాత చచ్చిపోయాడని కబురొచ్చింది. తెలిసినవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. నోరు మెదపకపోతే ఆ సంగతి ఆవిడతోపాటే కట్టెల్లో కాలిపోయేది. కానీ ఏళ్ళ తరబడి మొగుడి పక్కన దొంగలా పడుకోవడం ఎంత నరకమో ఆవిడకు తెలుసు. చచ్చేలోగా ఒక్కసారైనా దాపరికం లేకుండా ఆయన ముందు నిలబడాలని కోరిక. ఆ మధ్యాహ్నం ఆయన ఏడుపు చూశాక, ఇలాంటి మనిషి దగ్గర ఇంకా భయమేమిటనుకుంది.

ఆ సాయంత్రం విస్తరి వేసి, గ్లాసుతో నీళ్ళు పెట్టి, వడ్డించే ముందు చెప్పేసింది. పరాంకుశం అరవలేదు, చెయ్యి ఎత్తలేదు. విస్తరి ముందునుంచి లేచి పెరట్లోకి వెళ్ళి, ఇటుకలు పేర్చి, కుండలో తన బియ్యం తనే పోసుకున్నాడు. ఆవిడ విస్తరి ముందే కూర్చుండిపోయింది.

ఆనాటినుంచి ఆయనది స్వయంపాకం. వైష్ణవుల ఇళ్ళల్లో నిష్ఠాపరులు తమ వంట తామే వండుకోవడం కొత్త కాదు కనక ఎందుకని ఎవరూ అడగలేదు. ఈ వయసులో ఎంత నియమమని ఊరంతా చేతులు జోడించింది. ఇరుగుపొరుగమ్మలు, "నీ అదృష్టమే అదృష్టం తాయారూ, చాకిరీ తప్పింది" అన్నారు. ఆవిడ నవ్వి ఊరుకునేది. అయినా రోజూ ఆయనకు కూడా కలిపే వండేది. విస్తరి వేసి, వేళ దాటేదాకా చూసి, ఆ అన్నం కుడితిలో కలిపేది. జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చినా ఇంతకన్నా నయమే. వీధిలో పడ్డదాన్ని చూసి ఎవరో ఒకరు అయ్యో అంటారు. ఇక్కడ అయ్యో అనేవాళ్ళు కూడా లేకుండా పోయారు.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఏటేటా గ్రంథాలయ వారోత్సవాల్లో జనం ఆ ఘట్టమే చదవమని పరాంకుశాన్ని పట్టుబట్టేవారు. ఆయన చదివేవాడు. ప్రతి ఏడూ ఆ మాట దగ్గరే గొంతు పూడుకుపోయేది, ప్రతి ఏడూ కండువా తడిసేది. బీరువాల అవతల కూర్చుని తాయారు వినేది.

ఒక ఏడు ఆయన్ని వారోత్సవాలకు పిలవడానికి ఆచార్యులుగారే వెళ్ళారు. పరాంకుశం పెరట్లో పొయ్యి ఊదుకుంటున్నాడు. వంటింట్లో ఇంకో పొయ్యి మండుతోంది. మాటవరసకి, "మీవారి ఈ నియమం ఇంకెన్నాళ్ళమ్మా?" అని అడిగితే, తాయారు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అంతా చెప్పేసింది, పెరట్లో పాదు ఎండిపోయిందని చెప్పినంత మామూలుగా. విన్న ఆచార్యులుగారికి ఒళ్ళు మండిపోయింది.

"అయితే ఏటేటా ఆ ఏడుపంతా నాటకమా అమ్మా?"

"అపచారమండీ, అలా అనకండి," అంది ఆవిడ. "ఆయన కన్నీళ్ళు నిజమైనవే. కాకపోతే అవి పుస్తకంలో ఆవిడకి."

ఆ చలికాలమే తాయారు పోయింది. జ్వరమన్నారు. ఆఖరున భర్త వచ్చి నోట్లో బియ్యం వెయ్యాలి. పరాంకుశం గుప్పిట్లో గింజలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పురోహితుడు తొందరపెడితే వంగి వేశాడు. వేళ్ళు ఆ పెదాలకు తగిలేసరికి ఆయన మోకాళ్ళ మీద కూలబడి, "ఆకలేస్తోందే తాయారూ, అన్నం పెట్టవే" అన్నాడు. పుస్తకం చదివే గొంతు కాదది, ఊళ్ళో ఎవరూ అంతకుముందు వినని గొంతు. మతి చలించిందనుకుని నలుగురూ పట్టుకుని అవతలికి తీసుకుపోయారు. ఆ తర్వాత ఆయన గ్రంథాలయం గడప తొక్కలేదు.

ఆచార్యులుగారు చెప్పడం ఆపి మళ్ళీ పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. పైడిరాజు ఒళ్ళోని నవల అట్ట వైపు చూశాడు. నిన్నటి సంగతిలో తను చెప్పకుండా వదిలేసిన ముక్క ఒకటి ఇప్పుడు గుర్తొచ్చింది. ఎద్దూ అటుకులూ అన్నప్పుడు రత్నం నవ్వలేదు. చేటలో చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తకుండానే, "పెడితే తిన్నాడా అని అడుగుతున్నాను" అని మళ్ళీ అంది. తను వినిపించుకోలేదు. కళ్ళజోడు తుడుచుకునే పనిలో ఉన్నాడు. ఏడేళ్ళ కాపురంలో రత్నం ఒకే మాట రెండుసార్లు అడిగిన గుర్తు అతనికి లేదు.

"గురువుగారూ," అన్నాడు. "అంటే, మా రత్నం..." ఈసారి ఆ గొంతులో ఉన్నది నిజమైన సందేహమే. ఆ వెనకే భయం, దాని వెనక ఇంకేదో, మొహం గట్టిపడేలా చేసేది. ఆచార్యులుగారు ఆ గట్టిపడడం చూశారు.

"నాకేం తెలుసు నాయనా. రాళ్ళేరుకునేవాళ్ళు ఊరికే కూడా అడుగుతారు." వక్కపలుకు ఒకటి నోట్లో వేసుకుని, చెయ్యి చాచి అతని ఒళ్ళోంచి నవల తీసుకున్నారు. "ఇది ఇక్కడ ఉంచి ఇంటికి వెళ్ళు. భోజనాల వేళయింది."