మచ్చల ఆకు

ఒకానొక రాజ్యంలో, దాని పేరు మనకెందుకులెండి, రణభైరవుడనే రాజుకు పరదేశులంటే అనుమానం పట్టుకుంది. కొత్త ముఖం కనబడితే చాలు, శత్రువుల వేగులవాడే అనేవాడు. చివరికి దండోరా వేయించాడు.

పొలిమేర అవతల పుట్టిన ప్రతివాడూ, తన పుట్టుమచ్చ ఎక్కడుందో రాసిన తాటాకు మెడలో కట్టుకుని తిరగాలి. తలారి ఆపినప్పుడు ఆకులో మచ్చ ఒంటిమీద కనబడాలి. కనబడకపోతే కొరతే. అంటే మొనదేలేలా చెక్కిన కొయ్యకు మనిషిని గుచ్చి ఊరి బయట నిలబెడతారు. చెప్పడానికే నాకు నోరు రావడం లేదు.

కోట గోడకు సున్నం కాల్చడానికి దక్షిణ తీరం నుంచి కుప్పన్ అనేవాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరి మచ్చలూ ముంజేతుల మీదే. రెండేళ్లు ఉడుకు సున్నంలో పనిచేస్తే ఆ చేతుల చర్మమే ఊడిపోయింది. ఇక మచ్చ ఎక్కడుంటుంది? ఈ ముక్క తలారి గొంకన చెవికెక్కలేదు. సోమవారం తమ్ముణ్ణి కొరత వేశారు. బుధవారం కుప్పన్‌ను సభకు ఈడ్చుకొచ్చారు.

"ఆకు ఉంది, మచ్చ లేదు ప్రభూ" అన్నాడు గొంకన.

"ఇంకా నన్ను అడగడం దేనికి?" అన్నాడు రాజు, తలపాగా సర్దుకుంటూ.

రాజును నవ్వించడం కొలువుగా బతికే వల్లభయ్య అప్పుడు లేచాడు. ఆ రోజు ఆయన ముఖంలో నవ్వు లేదు.

"మహాప్రభూ, ఇలాంటివాడే ఇంకొకడు కోటలో ఉన్నాడు. పొలిమేర అవతల పుట్టాడు. ఆకులో మచ్చ ఉంది, ఒంటిమీద లేదు. కాస్త పెద్ద కొలువులో ఉన్నాడని తలారి ముట్టుకోవడం లేదు."

గొంకన తెల్లబోయాడు. రాజు కళ్లు ఎర్రబడ్డాయి.

"నా కోటలోనా? ఎంతటివాడైనా కొరతే. నా మాటకు తిరుగు లేదు."

"మచ్చ ఎలా పోయిందో అడుగుతారా?"

"అడగను. మచ్చ లేదంటే వాడు ఆ మనిషి కాడు."

"చిత్తం" అని వల్లభయ్య పాత తాటాకు ఒకటి తీసి చదివాడు. "తొలి కానుపుకు పుట్టింటికి వచ్చిన మా అమ్మాయికి ఈనాడు మగబిడ్డ. ఎడమ చెవి తమ్మె మీద పుట్టుమచ్చ."

చదివి, ఆకును రాజు పాదాల దగ్గర పెట్టాడు. "తమరి తాతగారు, పొరుగు రాజు, రాయించిన ఆకు ప్రభూ. అయిదో నెలలో తమరు పొలిమేర దాటి ఇక్కడికి వచ్చారు."

రాజు చెయ్యి తనంతట తానే తలపాగా కిందికి పోయింది. అక్కడ తమ్మె లేదు.

"అది యుద్ధంలో తెగింది" అన్నాడు మెల్లగా. "ఈ రాజ్యం కోసం."

"వీడిది తమరి గోడ కోసం కాలింది" అన్నాడు వల్లభయ్య.

ఉన్నట్టుండి రాజు నవ్వాడు. ప్రాణగండం తప్పినవాడు నవ్వే నవ్వది. దండోరా రద్దన్నాడు. చేతి కడియం ఊడదీసి వల్లభయ్యకు తొడిగాడు. నవ్వుతూనే కుప్పన్ వైపు తిరిగాడు.

"నీకేం కావాలో అడుగు."

కుప్పన్ కాలిన చేతులు జోడించాడు.

"మా తమ్ముణ్ణి దించుకుంటాను దొరా. ఇవాళ్టికి మూడో రోజు."

రాజు నవ్వు ఆగిపోయింది. ఆనాడు మళ్లీ నవ్వలేదు.

కుప్పన్, వల్లభయ్య కలిసి కొరత దగ్గరికి వెళ్లి పిల్లవాణ్ణి దించారు. పొలిమేర దగ్గర గొంకన అలవాటు కొద్దీ ఆకు కోసం చెయ్యి చాచాడు. వాళ్ల భుజాల మీద ఏముందో చూసి, ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రాజు నవ్వి కడియం ఇచ్చాడని ఈ కథ అందరూ చెబుతారు. ఎంతసేపు నవ్వాడో మాత్రం చెప్పరు.