లేని జ్వరం

నేనింతకుముందు ఏమీ రాసినదాన్ని కాదు. నాకు తెలిసినంతలో చెబుతాను.

బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో కామేశ్వరమ్మగారని వీణ నేర్పే ఆవిడ ఉండేవారు. పైడితల్లి అనే పిల్ల నాలుగేళ్లుగా ఆవిడ దగ్గర నేర్చుకుంటోంది. చెయ్యి మంచిదే. కానీ ఆ ఏడాది వారానికి రెండు రోజులు పాఠం మానేసేది. అడిగితే, “జ్వరమండి అమ్మగారూ” అనేది.

వైశాఖమాసంలో ఓ పొద్దున్న ఆవిడ వీణ మీద గుడ్డ కప్పేశారు.

“నిన్న మీ అమ్మ కూరల దగ్గర కనబడింది. మా పిల్లకి జ్వరమేంటండీ అంది. పాఠానికి రాకపోతే పోయె, నా మొహం మీద అబద్ధమా? రేపట్నుంచి రాకు.”

పైడితల్లి కదల్లేదు. ఓణీ కొస వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

“జ్వరం కాదండి. మనసు జబ్బు. పెద్దాసుపత్రిలో మాత్రలిస్తున్నారు. ఒక్కోరోజు పొద్దున్నే మంచం మీంచి కాళ్లు కిందకి దిగవు.”

“ఆ ముక్క చెప్పడానికేమొచ్చింది?”

“పిచ్చిదానికి వీణెందుకంటారని.”

కామేశ్వరమ్మగారు వీణ మీద గుడ్డ తీసి, తీగల కింది ఇత్తడి మెట్లలో ఒకటి చూపించి, “ఇక్కడ వాయించు” అన్నారు.

వాయించింది. స్వరం తప్పు పలికింది.

“నా చెయ్యేనాండి?”

“చెయ్యి కాదు. ఎండకి మెట్ల కింది మైనం మెత్తబడి మెట్టు జరిగింది. ఏటా ఉన్నదే.”

ఆవిడ దీపం మీద కాల్చిన ఇనప చువ్వ మైనానికి ఆనించి, మెట్టుని నువ్వుగింజంత పక్కకి జరిపారు. తీగ మీటి విన్నారు. ఇంకాస్త జరిపారు. మూడోసారికి కుదిరింది.

“మళ్లీ జరిగితేనో?” అంది పైడితల్లి, మెల్లిగా.

“మళ్లీ సర్దుతాను. తప్పు పలికింది కాబట్టి నాకు తెలిసింది. నోరు మూసుక్కూర్చుంటే ఎలా తెలుస్తుందే? నేనేమన్నా సోదెమ్మనా?”

పైడితల్లికి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది గానీ ఆగలేదు. ఆవిడ కూడా నవ్వారు.

మర్నాడు పొద్దున్న ఆ పిల్లకి లేవబుద్ధి కాలేదు. ఎండ వసారాలోకి వచ్చేదాకా పడుకుని, జడైనా వేసుకోకుండా బయల్దేరింది. అమ్మగారి గుమ్మంలో నిలబడి, “ఇవాళ బాగోలేదండి” అని చెప్పింది. చెప్పి, లోపలికొచ్చి చాప మీద కూర్చుంది.