తీగతో బిగించిన హ్యాండ్ బ్రేకు

పాడేరు బస్టాండు వెనక జీపుల షెడ్డు నడిపే సింహాద్రి పనిలో మొనగాడే గాని, "ఇది ఇంకా కాలేదు" అనే మాట అతని నోట చచ్చినా వచ్చేది కాదు. ఇంజను విప్పి నేల మీద పరిచి ఉన్నా సరే, ఎవరైనా అడిగితే "అయిపోయినట్టే" అనేవాడు. "ఒక్క నట్టు బిగిస్తే చాలు" అనేవాడు. ఆ ఒక్క నట్టు కోసం జనం మూడేసి రోజులు తిరిగేవారు. చెయ్యి మంచిది కాబట్టి ఎవరూ గట్టిగా అడిగేవారు కాదు. అదే అతన్ని చెడగొట్టిందని నేనంటాను.

ఒక వానాకాలం వంతాల బొంజుబాబు తన జీపు తీసుకుని షెడ్డుకి వచ్చాడు. అతనిది కొండ మీద చిన్న ఊరు. ఆ ఊరికి బస్సు లేదు, ఆటో ఎక్కదు. దారిలో గెడ్డ ఒకటి దాటాలి. గెడ్డ అంటే అక్కడివాళ్ళ మాటలో వాగు. నాలుగు చక్రాలూ లాగే బొంజుబాబు జీపు ఒక్కటే ఆ ఊరికి దిక్కు. సంతకైనా, ఆస్పత్రికైనా అందరూ అందులోనే వెళ్ళేవారు.

"మేస్త్రీ, ముందు చక్రాలకి డిస్కు బ్రేకులున్నాయి, వాటితో బాధ లేదు. వెనకవి డ్రమ్ములు. గెడ్డ దాటేసరికి వాటిలోకి నీళ్ళూ బురదా దూరిపోతున్నాయి. తర్వాత ఎంత తొక్కినా పట్టవు. మొన్న లోయ అంచుదాకా పోయి ఆగాం. జనం కేకలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. వెనక కూడా డిస్కులు వేసెయ్యి" అన్నాడు బొంజుబాబు.

"వేసేద్దాం. అదేటి పెద్ద పనా?" అన్నాడు సింహాద్రి.

"ఎల్లుండి సంత. ఆ వేళకి అయిపోవాలి."

"రేపు సాయంత్రమే తోలుకుపో. సింహాద్రి మాటంటే మాటే" అన్నాడు, పక్కన టీ తాగుతున్నవాళ్ళందరికీ వినపడేలా.

మీలో జీపు విప్పి చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు గనక! అందుకని చెబుతున్నాను. డ్రమ్ము బ్రేకంటే మూత పెట్టిన గిన్నె లాంటిది. లోపల రెండు దిమ్మలు విచ్చుకుని గిన్నె గోడల్ని ఒరుసుకుంటాయి, చక్రం ఆగుతుంది. గిన్నెలోకి బురద చేరిందా, ఇక అంతే సంగతులు. డిస్కు అలా కాదు. అది బయటికి కనిపించే ఇనుప పళ్ళెం. కాలిపర్ అనే ఇనుప పట్టు దాన్ని రెండు వైపులా నొక్కి ఆపేస్తుంది. నీళ్ళు పడితే పళ్ళెం తిరుగుతూ తిరుగుతూ విదిలించేస్తుంది.

సింహాద్రి పనిలోకి దిగాడు. డ్రమ్ములు ఊడదీశాడు. పళ్ళేలు ఎక్కించాడు, కాలిపర్లు బిగించాడు, పైపుల్లో గాలి బుడగ లేకుండా తీసేశాడు. పెడలు తొక్కితే రాయిలా నిలబడింది. ఆ పనికి వంక పెట్టడానికి లేదు. చేతులు తుడుచుకుంటూ వంగి చూసేసరికి, చక్రాల వెనక రెండు కేబుళ్ళు ఊరికే వేలాడుతూ కనిపించాయి.

అవి హ్యాండ్ బ్రేకు కేబుళ్ళు. డ్రైవరు సీటు పక్కన ఉండే లివరు పైకి లాగితే, ఆ కేబుళ్ళు డ్రమ్ములో దిమ్మల్ని లాగి పట్టుకోవాలి. ఇప్పుడు డ్రమ్ములే లేవు. అతను తెచ్చిన కాలిపర్లకేమో కేబుల్ తగిలించే కొక్కెం లేదు. కొక్కెం ఉన్నవి విశాఖపట్నం నుంచి రావాలి. నాలుగు రోజులు పడుతుంది.

ఇక్కడ ఏం చెయ్యాలి చెప్పండి? "బొంజుబాబూ, నాలుగు రోజులు హ్యాండ్ బ్రేకు ఉండదు, జాగ్రత్త" అంటే సరిపోయేది. చిన్నపిల్లాడైనా అనగలిగే మాట. కానీ టీ తాగేవాళ్ళ ముందు అంత గొప్పగా చెప్పాక, పని సగమే అయిందనడానికి సింహాద్రికి మనసొప్పలేదు. బైండింగ్ తీగ తీసి, రెండు కేబుళ్ళ చివర్లూ జీపు కింద ఉన్న ఇనుప కమ్మీకి కట్టేశాడు. ఇప్పుడు లివరు లాగితే దాని అడుగునున్న పళ్ళ చక్రం మీద కటకటమని నాలుగు పళ్ళు ఎక్కి గట్టిగా బిగుసుకుంటుంది. కానీ అది పట్టుకునేది చక్రాన్ని కాదు, కమ్మీని. నాలుగు రోజుల తర్వాత ఎలాగూ సరిచేస్తాను కదా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

సాయంత్రం బొంజుబాబు వచ్చి పెడలు తొక్కి చూశాడు. లివరు లాగి చూశాడు.

"అబ్బో, ఇది కూడా ఇంత బిగువుగా చేశావా! అంతా అయిపోయినట్టేనా?"

"అంతా అయిపోయింది" అన్నాడు సింహాద్రి.

సంత రోజు జీపు బాగా నడిచింది. పాడేరులోనూ, ఇంటి ముందూ నిలిపింది చదును నేల మీదే కాబట్టి లివరు గుట్టు బయటపడలేదు. మర్నాడు పొద్దున్నే బొంజుబాబు మళ్ళీ షెడ్డు ముందు దిగాడు. "బ్రేకులు బ్రహ్మాండం మేస్త్రీ! మా ఇంటికి రా, కోడి కోయిస్తాను" అన్నాడు. సింహాద్రికి లోపల ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. దారిలో ఇద్దరమే ఉంటాం, మెల్లగా చెప్పేద్దాం అనుకుని ఎక్కాడు.

సగం దారిలో ఒక ఊట దగ్గర బొంజుబాబు నీళ్ళ కోసం జీపు ఆపాడు. చదునైన చోటే. అయినా సింహాద్రి గబుక్కున దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాడు.

బొంజుబాబు పకపకా నవ్వాడు. "ఏటి మేస్త్రీ, నీ పని మీద నీకే నమ్మకం లేదేటి?"

"అలవాటు."

"నేనైతే ఆ అలవాటు మానేశాను. ఏళ్ళ తరబడి చక్రానికి అడ్డం పెట్టుకునే చెక్క దిమ్మ ఒకటి ఉండేది కదా? నిన్న ఇంటికెళ్ళగానే పొయ్యిలో పెట్టేశాం. ఇంత గట్టి హ్యాండ్ బ్రేకు ఉంటే దిమ్మెందుకు?"

"బొంజుబాబూ, ఆ హ్యాండ్ బ్రేకు..." అని సింహాద్రి మొదలుపెట్టాడు. "బంగారంలాగుంది!" అన్నాడు బొంజుబాబు. సింహాద్రి నోరు మూసుకున్నాడు. చూశారా, పొగడ్త ఎంత పాడుపని చేస్తుందో!

ఊరు చేరేసరికి పెద్ద వాన పట్టుకుంది. కోడి సంగతి అటుంచండి, కాళ్ళు కడుక్కోవడానికైనా వ్యవధి లేకపోయింది. పై గూడెం నుంచి నలుగురు మనుషులు డోలీ మోసుకుంటూ వచ్చారు. డోలీలో దైమతి అనే నిండు గర్భిణి నొప్పులతో మెలికలు తిరిగిపోతోంది. వెంట ఆమె అత్త, ఒక ముసలమ్మ, తడిసి ముద్దయి ఉంది.

"తొలి కానుపు బాబూ. పొద్దున్నుంచి ఇలాగే ఉంది. ఆస్పత్రికి చేర్చెయ్యి" అని అత్త బొంజుబాబు చేతులు పట్టుకుంది.

వెనక సీటు మీద దైమతిని పడుకోబెట్టారు. అత్త ఆమె తల దగ్గర ఇరుక్కుని కూర్చుంది. ఇంకెవరికీ చోటు మిగల్లేదు. జీపు సెల్ఫు వానకి తడిసి మొరాయించింది. డోలీ మోసినవాళ్ళే తోస్తే స్టార్టయింది. "ఇంక ఆస్పత్రి దాకా ఇంజను ఆపను. మధ్యలో ఆగితే తొయ్యడానికి ఎవరున్నారు?" అన్నాడు బొంజుబాబు.

గెడ్డ ఎర్రగా ఉరకలేస్తోంది. చక్రాలు సగానికి పైగా మునిగాయి. జీపు దాటి అవతలి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. నాలుగు బారలు ఎక్కేసరికి కొండ పక్క నుంచి జారిన వెదురు పొద ఒకటి దారికి అడ్డంగా పడి ఉంది. బొంజుబాబు బ్రేకు తొక్కాడు. తడిసినా బ్రేకు టక్కున పట్టింది.

అతను గేరు న్యూట్రల్ చేసి, లివరు కటకటా పైకి లాగి, పెడలు మీంచి కాలు తీశాడు. వెనక చక్రాలు చిన్న గుంటలో దిగి ఉన్నాయి కాబట్టి జీపు కదల్లేదు.

"దిగు మేస్త్రీ, ఇద్దరం కలిసి లాగేద్దాం!"

"నేను జీపులో ఉంటాను. నువ్వు..."

"ఒక్కడివల్ల అవుతుందా అది? లోపల ఆడమనిషి ప్రాణం పోతోంది, దిగవయ్యా!"

ఇప్పటికైనా చెప్పొచ్చు. ఒక్క మాట. సింహాద్రి నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఇప్పుడు చెబితే, మొన్నే ఎందుకు చెప్పలేదని అడగడా? ముసలమ్మ ముందు, దైమతి ముందు పరువు ఏం కావాలి? గుంట పట్టుకునే ఉంది కదా, రెండు నిమిషాల పని కదా అనుకుని దిగాడు. చేతికి దొరికిన రాయి ఒకటి వెనక చక్రం కింద దోపాడు. నేలంతా మెత్తటి ఎర్రమట్టి.

ఇద్దరూ వెదురు పట్టుకుని లాగారు. సగం దాకా వచ్చింది. ఇంకోసారి బలం కొద్దీ లాగారు. వెదురు వేళ్ళు ఒక్కసారిగా తెగి, పొద గిర్రున తిరిగి జీపు ముందు బంపరుని ఢీకొట్టింది. జీపు ఊగింది. వెనక చక్రాలు గుంటలోంచి పైకి లేచాయి. సింహాద్రి పెట్టిన రాయి మట్టిలోకి కుంగిపోయింది. జీపు వెనక్కి, గెడ్డ వైపు జారడం మొదలుపెట్టింది.

"ఓలమ్మో!" అని లోపల అత్త కేక పెట్టింది.

బొంజుబాబు పరుగెత్తి డ్రైవరు పక్క కమ్మీ పట్టుకున్నాడు. అతను పెడలు వైపు చూడలేదు. నమ్మింది లివరుని కదా! లోపలికి చెయ్యి పెట్టి లివరే ఇంకా పైకి లాగాడు. అది ఇంకో రెండు పళ్ళు ఎక్కి బిగుసుకుంది. జీపు మాత్రం ఆగలేదు. మూడోసారి లాగబోతుంటే బురదలో అతని కాలు జారింది. ముందు చక్రం అతని కుడిపాదం మీంచి వెళ్ళిపోయింది.

సింహాద్రి రెండో పక్క నుంచి లోపలికి దూకాడు. సీట్ల మీద బోర్లా పడి, రెండు చేతులతో పెడలుని అదిమి పట్టాడు. డిస్కులు పట్టాయి. జీపు ఆగింది. వెనక చక్రాలు అప్పటికే నీళ్ళలో ఉన్నాయి.

"అమ్మా, దిగి పెద్ద రాళ్ళు పెట్టమ్మా! వెనక చక్రాల కింద! పెద్దవి!" అని సింహాద్రి అరిచాడు. పెడలు మీంచి చేతులు తియ్యడానికి లేదు. ముసలమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఏడుస్తూనే ఒక్కొక్క రాయీ దొర్లించింది.

బొంజుబాబు కుంటుతూ, పాకుతూ జీపు దగ్గరికి వచ్చాడు. ముఖం పాలిపోయింది.

"లాగాను మేస్త్రీ. నా చేత్తో లాగాను. గట్టిగా బిగుసుకుంది కూడా. ఎందుకాగలేదు?"

సింహాద్రి తల ఎత్తలేదు. "అది చక్రాలకి లేదు బొంజుబాబూ. సామాను దొరకలేదు. తీగతో కమ్మీకి కట్టేశాను."

చేతిలో రాయి దించి ముసలమ్మ అంది. "తీగ కట్టడానికి చేతులొచ్చాయి గాని, చెప్పడానికి నోరు రాలేదా బాబూ నీకు?"

బొంజుబాబు తిట్టలేదు. పళ్ళు బిగించి డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. నలిగిన కాలు పక్కకి పెట్టి, ఎడమకాలితో పెడలు తొక్కి పట్టాడు. "నేను బ్రేకు మీద కూర్చుంటాను. మీరిద్దరూ వెళ్ళి ఆ పొద పక్కకి లాగండి" అన్నాడు. తర్వాత సింహాద్రి కళ్ళలోకి చూశాడు. "ఇందాకే ఇలాగే చేసేవాళ్ళం కదయ్యా. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే, ఒకరం బ్రేకు మీద ఉండేవాళ్ళం, ఇద్దరం లాగేవాళ్ళం. నా కాలు నాకుండేది."

సింహాద్రికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెదురు లాగాడు. తర్వాత పెడలు మీద తన కాలు పెట్టి, బొంజుబాబుని పక్క సీట్లోకి జరిపి, తనే జీపు నడిపాడు. ఆస్పత్రి దాకా దైమతి మూలుగు వినపడుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం దైమతికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. బొంజుబాబు పాదంలో ఎముకలు రెండు చోట్ల విరిగాయి. డాక్టరు మూడు నెలలు కాలు కింద పెట్టవద్దన్నాడు. ఆ మూడు నెలలూ సింహాద్రే ఆ జీపు తోలాడు. జనం ఎక్కేవారు గాని, మొదట్లో అతనితో ఎవరూ మాట కలిపేవారు కాదు. అది అతనికి తిట్లకన్నా ఎక్కువ బాధగా ఉండేది. కొక్కెం ఉన్న కాలిపర్లు వచ్చిన రోజున బిగించి, వాలులో జీపు నిలిపి, వెనక తనే నిలబడి హ్యాండ్ బ్రేకు పరీక్ష చేశాడు. అప్పుడు గాని బొంజుబాబు ఇంటికి వెళ్ళి అయిందని చెప్పలేదు.

ఆ తర్వాత అతని షెడ్డులో పద్ధతి మారింది. బండి తీసుకోవడానికి ఎవరొచ్చినా తాళం ఇచ్చేముందు, ఏ పని మిగిలిపోయిందో అదే ముందు చెప్పేవాడు. వైపరు పని చెయ్యదనో, హారను వదులుగా ఉందనో, చిన్నదైనా సరే. మొదట్లో కొందరు "ఏటయ్యా, ఇంత చిన్నదానికి చెప్పాలా?" అని నవ్వారు. అతను నవ్వేవాడు కాదు.

పిల్లలూ, మనం చేసిన పని ఎలాగూ అందరికీ కనిపిస్తుంది. చెయ్యకుండా మిగిలినదాన్నే నోరు విప్పి చెప్పాలి, దాన్ని పరువు కోసం దాచామంటే మనల్ని నమ్మినవాడి ప్రాణం మీదికి వస్తుంది.