దిగనమ్మ కొండ

పూర్వం నల్లమల అడవికి తూర్పుదిక్కున, రెండు వాగులు కలిసే చోట, కొమ్మెరపాడు అనే పశుసమృద్ధి గల గ్రామం ఉండేది. అక్కడ గొల్లకులంలో జన్మించిన ఓబులక్క అనే వితంతువు, తండ్రివద్ద నేర్చిన మూలికావైద్యంతో ఊరి పశువులను కాపాడుతూ, ఇంటింటా పెట్టిన పిడికెడు గింజలతో కాలం గడిపేది.

ఒక గ్రీష్మాంతంలో ఆ సీమను పెద్దరోగం ఆవరించింది. పశువులు నోరంతా పుండ్లుపడి, మేత ముట్టక, మూడునాలుగు దినాలలో నెత్తురు విరేచనమై కూలిపోతూ ఉంటే, గ్రామమంతటా దుర్గంధమూ రోదనమూ తప్ప వేరొకటి లేకపోయింది. ఓబులక్క ఊరివెనుక కొండమీద ఈశ్వరివేరు త్రవ్వితెచ్చి, మిరియాలతో నూరి, వెదురుగొట్టంతో పశువుల గొంతులో పోసింది. రోగం సోకనివాటిని ఆ మందు నిలబెట్టింది గాని, సోకినవాటిని కాపాడలేకపోయింది. అయిదవనాటికి కొండమీద త్రవ్వుదామంటే వేరన్నదే లేదు.

జబ్బుపశువులను ఊరిలో ఉంచితే ఒక్క గిట్టా మిగలదని గ్రహించి, వాటిని కొండపైకి తోలుకుపోతానని ఆమె పెద్దలకు చెప్పింది. అలా అప్పగించిన ముప్పదిరెండింటిలో, ఆమె సొంత తమ్ముడు తిమ్మన్న కాడెద్దులు రెండూ ఉన్నాయి.

“అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. నా ఎద్దులకు ఒక్క గొట్టం పొయ్యవే!” అని తిమ్మన్న ప్రాధేయపడ్డాడు.

కుండ అడుగున మందు ఇంకా ఉంది. మందు పడని దూడలు పదకొండున్నాయి. ఓబులక్క తమ్ముడి ముఖం చూడలేక తల వంచుకొని, “అవి బతకవురా నాయనా. ఇది బతికేవాటికి పొయ్యాలి” అంది.

“అయితే ఇవాళ్టినుంచి నాకు అక్క లేదు” అంటూ పలుపులు ఆమె ముందు విసిరి అతడు వెళ్ళిపోయాడు.

ఆ కొండపై ఓబులక్క వావిలాకు పొగవేసి ఈగలను తోలుతూ, చచ్చినదాన్ని చచ్చినట్టు ఒంటిచేత్తో గొయ్యి తీసి పూడ్చింది. తమ్ముడి ఎద్దులు రెండూ ఒకేనాడు పోతే, వాటిని ఒకే గోతిలో పెట్టి పొద్దుగూకేదాకా ఏడ్చింది. ఊరివారు నడికొండ బండమీద గంజికుండ పెట్టి వెనుదిరిగేవారు. పదకొండవనాటికి ఆఖరి ఆవు కూడా కన్నుమూసింది. ఊరిలో దూడలన్నీ నిలిచాయి.

అప్పటికి కోపం కరిగిన తిమ్మన్న కొండకింద నిలబడి, “రోగం పోయింది, దిగిరావే అక్కా!” అని గొంతెత్తి పిలిచాడు.

“నా కోకనిండా ఆ రోగమేరా! నేను దిగితే దూడలు పోతాయి. వానలు పడేదాకా నువ్వు ఎక్కొద్దు” అని పైనుంచి క్షీణస్వరం వినిపించింది.

మరునాటినుంచి బండమీది గంజికుండ పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. తిమ్మన్న రోజూ వచ్చి, ఆమె మాట దాటలేక, కిందనే కూర్చుని వెళ్ళేవాడు.

వానలు కురిశాక అతడు ఎక్కి చూస్తే, ఒక్క వేరైనా మిగలని ఆ కొండంతా ఈశ్వరితీగ దట్టంగా అల్లుకొని ఉంది. దాని నడుమ, గద్దా నక్కా ముట్టని ఓబులక్క దేహం నిద్రించినట్లు పడి ఉంది. బతికుండగా దిగనన్న అక్కను మోసుకొని దించడానికి అతనికి మనసొప్పలేదు. అక్కడే పూడ్చి, ఒక రాయి నిలిపాడు.

ఆమెను దిగనమ్మ అనీ, ఆ గుట్టను దిగనమ్మ కొండ అనీ నేటికీ పిలుస్తారు. అక్కడ గుడి లేదు, విగ్రహం లేదు. పసుపు పూసిన ఆ రాయొక్కటే. ఏటా తొలకరి తరువాతి ఆదివారంనాడు చుట్టుపట్ల పశువులన్నీ కొండకిందికి వస్తే, తిమ్మన్న వంశంలో పెద్దవాడు ఉపవాసముండి వాటికి మందు పోస్తాడు. తన సొంత పశువులకు మాత్రం అందరివీ అయ్యాక, కుండలో మిగిలి ఉంటేనే పోస్తాడు.