ఉప్పు మొద్దు

వాదంలో తరళ ఓడిన రోజు లేదు. అయినా ఆ పొద్దున ముఖం వేలాడేసుకుని గురువు నిగమయ్య ముందు కూర్చుంది. కొండ కింది ఊళ్ళో పిల్లలు వాంతులతో, విరేచనాలతో వాడిపోతున్నారు. నీళ్ళు కాచి తాగండని మూడు రోజులుగా వాదించి, ఎదురు మాట్లాడిన ప్రతివాళ్ళ నోరూ మూయించి వచ్చింది. ఒక్క పొయ్యి మీదా నీళ్ళు కాగలేదు.

"గెలిచాను కదా గురువుగారూ, మరి వాళ్ళెందుకు వినరు?"

ప్రశ్న అడిగితే పని చెప్పడం ఆయన అలవాటు. చలి ముదురుతోంది, గొర్రెలు కాసే బీరవ్వ మంద దగ్గరికెళ్ళి తనకో గొంగడి తెచ్చిపెట్టమన్నాడు. పళ్ళు నూరుకుంటూనే వెళ్ళింది తరళ.

బీరవ్వ గొంగడికి అంచు కుడుతోంది. కాసేపు కూర్చోమంది. చుట్టూ గొర్రెలు ఒకటే తుమ్ములు. ఈగ వచ్చి ముక్కులో పురుగులు వదిలిపోతుందట, అవి తలలోకి పాకితే గొర్రె మేత మాని చిక్కిపోతుందట, వేపనూనె రాస్తే ఆ కంపుకి ఈగ దగ్గరికి రాదట. ఇంకేం, ఊరికే కూర్చోవడం చేతకాని తరళ నూనెగిన్నె అందుకుంది. మొదటి పొట్టేలు ఆమెను పడదోసింది. రెండోది పరుగో పరుగు. మూడోది సరిగ్గా మొహం మీదే తుమ్మింది.

బీరవ్వ బోసినోటితో నవ్వింది. "రెండొందలున్నయి బిడ్డా. ఎన్నిటి మెడలు వంచుతవు?"

లేచి, బెజ్జాలు తొలిచిన పాత తుమ్మమొద్దును దొర్లించుకొచ్చింది. ఒక్కో బెజ్జంలో పిడికెడు ఉప్పు పోసి, అంచుల చుట్టూ వేపనూనె పూసి పక్కకు తప్పుకుంది. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి మూతులు దూర్చాయి. పొద్దు నడినెత్తికి రాకముందే మందలో నూనె అంటని ముక్కు లేదు. ఇంకెంత ఉప్పు మిగిలిందోనని తరళ కూడా వంగి ఒక బెజ్జంలోకి తొంగిచూసింది.

గొంగడి భుజాన వేసుకుని తిరిగి వస్తూనే, వంటింట్లో శొంఠీ బెల్లమూ ఎంతున్నాయని గురువును అడిగింది. రేపు ఊరి నడుమ పొయ్యి పెట్టి, వచ్చిన పిల్లలకల్లా తియ్యటి శొంఠినీళ్ళు మరగబెట్టి పోస్తుందట. వాదానికి మాత్రం దిగదట. అంతలో ఏదో తట్టి ఆగింది.

"మీరు నన్ను పంపింది గొంగడి కోసం కాదు కదూ?"

నిగమయ్య గొంగడి నిండా కప్పుకుని, నూనెతో మెరుస్తున్న ఆమె ముక్కు కేసి చూశాడు.

"గొంగడికేనమ్మా. ఆ ముక్కు మాత్రం అప్పుడే తుడుచుకోకు."