ఒంటికొలత గౌరి నోము కథ

పూర్వము గుండ్లకమ్మ ఒడ్డున నున్న ఆశ్రమములో సుమేధుడను ముని వృద్ధుడైన దీర్ఘతపునికి నమస్కరించి ఇట్లు అడిగెను: "స్వామీ! స్త్రీలు ఎన్నియో నోములు నోచుచున్నారు. ఇంటికి, పంటకు, భర్తకు, బిడ్డలకు మేలు కోరుచున్నారు. అయినను తమ ఒడలిని తామే తిట్టుకొనుచు లోలోపల కుములుచున్నారు. ఆ దుఃఖమును తీర్చు నోము ఏదేని కలదా?"

దీర్ఘతపుడు, "కలదు నాయనా. అది ఒంటికొలత గౌరి నోము. దాని కథ సుఖముగా మొదలు కాదు, పూర్తి సుఖముగా ముగియదు. ఓర్చుకొని వినుము" అని చెప్పసాగెను.

ఆ యేటికి దిగువను నేతవారి పల్లె యొకటి కలదు. అందు భావన్న అను నేతగాడు, వాని భార్య నాంచారమ్మ, మంగతాయి, అచ్చమ్మ అను ఇద్దరు కూతుండ్లు ఉండిరి. భావన్న నేసిన చీరలకు ఊరూర పేరుండెను. నాంచారమ్మ రాట్నము ముందు కూర్చున్నచో కండె వెనుక కండె నిండవలసినదే. మంచి మనిషి. చేయి పెద్దది, నవ్వు పెద్దది, ఒడలు కూడ పెద్దదే.

ఆమె పెండ్లినాడు అత్తవారు పెద్దకోడలి కొలతకు కుట్టించిన రవిక తెచ్చిరి. అది నాంచారమ్మ భుజము దాటలేదు. ముగ్గురు ముత్తైదువలు పట్టి లాగగా పందిట్లోనే చంక దగ్గర చిట్లెను. తప్పు కొలత తెచ్చినవారిని ఒక్కరును ఏమియు అనలేదు. పందిరంతయు పెండ్లికూతురిని చూచి నవ్వెను. నవ్వకున్న ఏడ్పు వచ్చునని ఆమె కూడ నవ్వెను. ఆ రవికను పెట్టె అడుగున దాచి, ఇది పట్టిననాడే మంచి చీర కట్టెదనని మనసులో ఒట్టు పెట్టుకొనెను.

నాటినుండి ఆమె కట్టినవన్నియు వెలిసిన చీరలు, మాసికలు వేసిన చీరలు. చీరలు నేయు ఇంటి ఇల్లాలు! అద్దమును గోడవైపు త్రిప్పి పెట్టెను. కూతుండ్లకు వారము వారము నూనె అంటి, సున్నిపిండితో నలిచి తలంటు పోసెడిది. తాను మాత్రము రెండు చెంబులు గబగబ కుమ్మరించుకొని వచ్చెడిది. అందరు తిన్న పిమ్మట పొయ్యి వెనుక నిలుచుండి నాలుగు మెతుకులు నోట వేసికొని, తన ఒంటికి అదే ఎక్కువ అనెడిది. కూతుండ్లను ఎన్నడును లావని అనలేదు, ముద్దుగనే పెంచెను. కాని వారికి కన్నులుండెను. తల్లిని చూచుచునే పెరిగిరి.

మంగతాయికి తల్లి పోలికయే వచ్చెను. పెండ్లియై ప్రక్క వీధికి కాపురమునకు పోయెను. ఇరువది రెండవ యేట ఆమె రొమ్ములో గడ్డ యొకటి పుట్టెను. ఆమె దానిని మంత్రసానికి చూపలేదు, వైద్యునికి చూపలేదు, కన్నతల్లికి చూపలేదు. పైట మరియొక చుట్టు చుట్టుకొని ఏడాది తిరిగెను. తుదకు మంచము పట్టినప్పుడు నాంచారమ్మ పరుగున పోయి, ఎందుకు దాచితివని బిడ్డను పట్టుకొని బావురుమనెను.

"నా ఒళ్లు చూపించాలంటే సిగ్గేసిందమ్మా" అనెను మంగతాయి. "నువ్వు మాత్రం ఎప్పుడన్నా ఎవురికన్నా చూపించావా?"

అప్పటికే రోగము చేయి దాటిపోయెను. ఆ మాసము నిండకుండగనే మంగతాయి కన్నుమూసెను.

ముత్తైదువగా పోయినది కనుక పసుపు నలిచి స్నానము చేయింపవలసి వచ్చెను. ఆ పని నాంచారమ్మయే చేసెను. బిడ్డ పెరిగి పెద్దదైన తరువాత ఆ ఒడలిని ఆమె చూచుట అదే మొదటిసారి. ఆ భుజములు తన భుజములే. ఆ పొట్ట, ఆ పిక్కలు తనవే. వానిలో ఆమెకు ఏ వంకయు కనబడలేదు. ఎంత చక్కని పిల్ల! భావన్న మగ్గము మీది క్రొత్తచీర కోసి తెచ్చి కప్పెను. కాపురమునకు పోయిన పిమ్మట మంగతాయి ఒంటి మీదికి వచ్చిన మంచి చీర అదియొక్కటే. ఆనాడు నాంచారమ్మ గుండె పగిలెను.

పిమ్మట ఆ ఇంటికి చెడుకాలము వచ్చెను. భావన్న మగ్గము ముందు కూర్చున్నచో చేయి ఆడకుండెను, పడుగు పోగులు పుటుక్కున తెగుచుండెను. అచ్చమ్మకు పదునాలుగేండ్లు. అక్కవలెనే ఒళ్ళు చేయుచున్న ఆ పిల్ల అన్నము మానసాగెను. ఆకలి లేదనును, అక్క పాతచీరను మెడదాక చుట్టుకొని మూల కూర్చుండును. చెంపలు పీక్కుపోయెను, నాలుగు అడుగులు వేసిన తూలిపోయెను. మిగిలినది ఒక్క బిడ్డ, అదియు చేజారుచున్నదని నాంచారమ్మ దేవతలందరికి మ్రొక్కెను. తానును కటిక ఉపవాసములు పట్టెను. తల్లి తినదు, కూతురు తినదు. ఇక ఆ ఇంట పొయ్యి రాజుకొనుటయే అరుదయ్యెను.

శ్రావణ మంగళవారమున ఆమె గౌరీపూజకు కలశము నిలిపి, ఇంటనున్న ఒకే ఒక పట్టుచీరను కుచ్చిళ్ళు పోసి దానికి కట్టి, తాను మాసికల చీరతో ఎదుట కూర్చుండెను. అప్పుడు గాజులమ్మి యొకతె గాజుల మలారము దించి అరుగుమీద కూర్చుండెను. ఏబదేండ్ల మనిషి, భారీ విగ్రహము. అరుగంతయు తానే అయ్యెను. జడలో చామంతులు, ఒంటిమీద జరీయంచు చీర.

"ఆ పట్టుచీర ఎవురికి కట్టినావమ్మా?" అని ఆమె అడిగెను.

"గౌరమ్మకి."

"మరి గౌరమ్మ మాసికల గుడ్డ కట్టుకోని నా ఎదురుగా కూర్చోనుందే!"

నాంచారమ్మ చేతులు కొంగులో దాచుకొని, తనకు గాజులు పట్టవని గొణిగెను. గాజులమ్మి ఆ చేయి లాగికొని, కణుపులు మెల్లగా నొక్కి చూచి, మలారమంతయు వెదకి సరియైన జత తీసి ఎక్కించెను.

"ముప్పై ఏళ్లుగా గాజులు తొడుగుతున్నా. పట్టకపోతే ఇంకో గాజు తీశానే గానీ ఏ చేతినీ తిట్టలేదమ్మా. నువ్వేంది, పొద్దస్తమానం నీ ఒంటిని అట్టా తిట్టుకుంటావు?"

అని, ఆమె ఒంటికొలత గౌరి నోమును ఉపదేశించెను. అయిదు శుక్రవారములు తీరికగా నూనె అంటుకొని తలంటు పోసికొనవలెను. ప్రతి అవయవమును చేతితో తాకి, అది తన కొరకు పడిన పాటును తలచుకొనవలెను. అద్దములో చూచుకొని బొట్టు పెట్టుకొనవలెను. తన కొలతకు కుట్టిన రవిక తొడిగి, ఇంటనున్నవానిలో మంచి చీర కట్టవలెను. పీట వేసికొని కూర్చుండి కడుపునిండ భుజింపవలెను. కలశమునకు పువ్వు చాలునని చెప్పి, ఆమె మలారమెత్తుకొని వెళ్ళెను. వీధిలో ఆమెను చూచినవారెవ్వరును లేరు.

నాంచారమ్మ నోము పట్టెను. నూనె అంటుకొనెను, తలంటుకొనెను. కాని రవికకు నూలుపోగుతో కొలత తీసికొనునప్పుడు, ఎవరు చూడవచ్చిరిలే అని రెండు వ్రేళ్ళు తగ్గించెను. అయిదు వారములలో చిక్కెదనని ఆమె ఆశ. నేతవారి ఇంట పుట్టి నూలుతో అబద్ధమాడెను, ఏమనవలెను! శుక్రవారము తొడుగగా రవిక బిగిసి ఊపిరాడలేదు. అలవాటు కొలది "పాడు ఒళ్లు!" అనివేసెను. తలయెత్తి చూచునప్పటికి అచ్చమ్మ ముందున్న కంచమును ప్రక్కకు నెట్టి లేచిపోవుచుండెను. నాలుగు దినములకు ఆ పిల్ల కలిపిన మొదటి ముద్ద అందుండెను. ఆ సాయంకాలమే అచ్చమ్మ నూతికడ సొమ్మసిల్లి పడెను.

నాంచారమ్మ బిడ్డను ఒడిలో వేసికొని కుమిలి కుమిలి యేడ్చెను. పెద్దబిడ్డ ఈ మాట వినుచునే పెరిగెనని, చిన్నబిడ్డ కూడ దీనినే నేర్చెనని ఆమెకు అప్పుడు తెలిసెను. పెట్టె తెరచి పెండ్లినాటి రవికను చించి మసిగుడ్డ చేసెను. పిల్ల తేరుకొన్న పిమ్మట నూలుపోగు ఆమె చేతికిచ్చి, "నా కొలత నువ్వు తియ్యి తల్లీ. ఉన్నదున్నట్టు తియ్యి" అనెను.

పోగు చుట్టుటకు అచ్చమ్మ రెండు చేతులును తల్లి చుట్టు వేయవలసి వచ్చెను. వేసిన చేతులు తీయలేదు.

"ఇది అక్క కొలత గదమ్మా!"

"అవును తల్లీ. అక్కదీ ఇదే."

ఇద్దరును అట్లే నిలిచి చాలసేపు ఏడ్చిరి. తరువాత అచ్చమ్మ కన్నులు తుడుచుకొని, "నాది గూడా తియ్యమ్మా" అనెను.

నోము మరల మొదటినుండి సాగెను. మొదటి శుక్రవారము తల్లి పట్టుచీర కట్టి, పీట మీద కూర్చుండి తినగా కూతురు ఊరక చూచెను. రెండవ వారము తల్లి కంచములోని ముద్ద తీసికొని తినెను. అయిదవ వారము తన కంచములో మారు వడ్డింపుమనెను. ఆ మాట విని భావన్న మగ్గము దగ్గర కూర్చుండి ఏడ్చెను, పిమ్మట పేకపోగు నడుపు నాడె చేతపట్టెను. పడుగు తెగలేదు. ఇల్లు క్రమముగా నిండెను. నాంచారమ్మ ఒక్కనాటిలో తన ఒడలిని ప్రేమించెనని నేను చెప్పను. తిట్టుట మానెను. కొన్ని శుక్రవారములు అద్దములో చూచుకొని ఇంకను తల దించుకొనెడిది. అయినను పీట వేసికొనుట మానలేదు.

ఇట్లు చెప్పి దీర్ఘతపుడు, "తక్కిన నోముల కథలలో పోయిన బిడ్డలు లేచి వచ్చెదరు. ఈ కథలో మంగతాయి రాలేదు నాయనా" అని కన్నులొత్తుకొనెను. ఉద్యాపన దినమున నాంచారమ్మ అయిదుగురు ముత్తైదువలకు ఎవరి కొలతకు వారికి రవికలు కుట్టి వాయనమిచ్చిన పిమ్మట, ఆరవది కూడ కుట్టెను. ఎవరికని అడిగినవారికి "మా మంగతాయికి" అనెను.

ఈ నోమును లావువారు, బక్కవారు, నల్లనివారు, బొల్లిమచ్చలవారు, కాన్పుచారలకు కుములువారు, రోగమువలన రొమ్ము పోగొట్టుకొన్నవారు, ముడుతలు పడిన ముసలివారు, అందరు నోచవలెను. మగవారును నోచవచ్చును, బట్టతలకు సిగ్గుపడి తలగుడ్డ విప్పనివారు వారిలోను కలరు. నోచినవారి ఇంట పాడియు పంటయు నిలుచును, బిడ్డలు ఆకలియని అడుగుదురు, రోగమును దాచు బుద్ధి తొలగిపోవును. ఒంటిమీద గడ్డ తగిలినచో ఆ పూటనే నోరు విప్పి చెప్పు ధైర్యము కలుగును. మంత్రము మరచినను, పువ్వు కరవైనను గౌరి మన్నించును. కొలతలో అబద్ధమాడినవారు మాత్రము మరల మొదటినుండి నోచవలెను.

కథ విన్న తల్లులారా, ఇక లేచి పీటలు వేసికొనుడు. మీ ఆడపిల్లలు చూచుచుండగా నిండుగా వడ్డించుకొని తినుడు.