గానుగలపాలెం నోరుతెరిచిన తల్లి

ఏటి గట్టున, చెరకు తోటల నడుమ గానుగలపాలెంలో వెలసిన దేవతను భక్తులు నోరుతెరిచిన తల్లి అని కొలుస్తారు. మోకాలెత్తు నల్లరాతి విగ్రహం. కోరలు లేవు, కత్తి లేదు. నోరు మాత్రం బార్లా తెరిచి ఉంటుంది. పై వరుసలో ముందరి నాలుగు పళ్ళూ మొండివి. ఆదివారం నాడు వచ్చినవారికి ఇంకో వింత కనిపిస్తుంది. పిల్లలందరూ అమ్మవారి ఎదుట నోళ్ళు తెరుచుకుని నిలబడతారు. వాళ్ళ తల్లులు చేత్తో నోరు మూసుకుని నిలబడతారు. ఎందుకని అడిగితే ఊరివాళ్ళు తల దించుకుని ఈ కథ చెబుతారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. బెల్లం వండే పాక ఉండేది, దాని వాకిట్లో ఈ రాయి ఉండేది. గానుగాట మొదలైన రోజు నుంచి ఏ పెనం దించినా ముందుగా ఇంత బెల్లం తీసి రాతి నోటికి పూసేవారు. పూసినవారు పూసినట్టే వెళ్ళిపోయేవారు. దేవత మూతి కడగాలని ఎవరికి తోస్తుంది?

ఆ పాకలో పెనం కాసేది సన్యాసమ్మ. వాసన చూసి పాకం చెప్పగల మనిషి. పనిలో ఎంత చురుకో మాటలోనూ అంత కారం. ఆమెకు లేక లేక పుట్టిన ఒక్కతే కూతురు పైడి. పాకం పొంగే వేళ బిడ్డ ఏడిస్తే పెనం వదిలి రావడానికి లేదు. అందుకని ఆ పాకలో ఆడవాళ్ళంతా చేసే పనే ఆమె కూడా చేసింది. పాత చీర పీలికలో బెల్లం ముక్క పెట్టి ముడి వేసి, తడిపి, పైడి నోట్లో పెట్టేది. బిడ్డ దాన్ని చప్పరిస్తూ చెరకు పిప్పి మీదే నిద్రపోయేది. నిద్రపోయాక కూడా ముడి నోట్లోనే ఉండేది. "నా పైడికి ఏడుపంటేనే తెలీదు" అని సన్యాసమ్మ ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది.

మూడో ఏడు వచ్చేసరికి పైడి ముందరి పళ్ళకు తెల్లమచ్చలు పడ్డాయి. మచ్చలు పచ్చబడి, ఆ పచ్చ నల్లబడి, పళ్ళు మొదళ్ళ దాకా విరిగాయి. "పాలపళ్ళే కదేటప్పా, రాలిపోతాయి" అని తోటివాళ్ళు అన్నారు. సన్యాసమ్మ కూడా పైకి అదే మాట అంది. లోపల మాత్రం ఆ నోరు చూస్తే తల తీసేసినట్టుండేది. చుట్టాలిళ్ళకు వెళ్ళేటప్పుడు, "నవ్వితే మూతికి సెయ్యడ్డెట్టుకోయే" అని పిల్లకు నేర్పింది. రోజూ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. అందులో సగం ఓపికతోనైనా ఒక్కనాడు ఆ నోరు కడిగిన పాపాన పోలేదు.

నాలుగో ఏట పైడి దవడ వాచింది. ఒళ్ళు కాలిపోయే జ్వరం. మూడు రోజులు గంజి చుక్క దిగలేదు. పురుగు పట్టిందని సన్యాసమ్మ ఆకు పసర్లు పోసింది. ఆడపడుచు దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పింది. చివరికి అమ్మవారి మీద పడింది. పట్టపగలు, పాకలో వాళ్ళంతా చూస్తుండగా రాతి ఎదుట చేతులు తిప్పుతూ అరిచింది.

"ఏటమ్మా, నీకెట్టకుండా నేను బెల్లం ముట్టినానా? నా గుంట పైడి నోరు ఇలాగ సేత్తావా? కళ్ళున్నాయా నీకు?"

అరిచి అరిచి, మూడు రోజుల నిద్ర లేనిదేమో, ఆ రాతికే చేరబడి కునికింది. కలలో అమ్మవారు ఎదురుగా కూర్చుని నోరు తెరిచింది. నోరు నిండా చీమలు.

"నన్నడగొచ్చావు సరేగానీ, ఎట్టిన సేత్తో ఒక్కపాలి కడిగినావేటే? నాకూ లేదు, నీ గుంటకూ లేదు. నాది రాతి పన్ను. అదే ఓర్సుకోలేదు."

సన్యాసమ్మ ఉలిక్కిపడి లేచింది. ఏళ్ళ తరబడి రాతి మూతికి అట్టగట్టిన బెల్లాన్ని గోళ్ళతో గీకింది. చీమల బారు బయటపడింది. దాని వెనక నాలుగు పళ్ళూ మొండివై కనిపించాయి. వెనక్కి తిరిగి చూస్తే పిప్పి మీద పైడి పడుకుని ఉంది. జ్వరంలో కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ఆ చిన్న చెయ్యి మూతి మీదే ఉంది.

సన్యాసమ్మ వెళ్ళి ఆ చెయ్యి దించింది. తన చెయ్యి తీసి తన నోటి మీద పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచే చెప్పింది. "పురుగూ కాదు, దిట్టీ కాదు. నేనే. ఈ సేత్తోనే."

అక్కడున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరుగా తమ పిల్లల నోళ్ళలోంచి ముడులు మెల్లగా లాగి, ఎవరూ చూడకుండా కొంగుల్లో దాచుకున్నారు.

సన్యాసమ్మ నీళ్ళు తెచ్చి అమ్మవారి మూతి కడిగి, పిల్లను భుజాన వేసుకుని పొరుగూరి వైద్యుడి దగ్గరకు పరుగెత్తింది. ఆయన పుచ్చిన పళ్ళు తీసి, చీము పోయేలా చేస్తే జ్వరం దిగింది. పోయిన పళ్ళు మహిమతో తిరిగి రాలేదు. పాలపళ్ళు ముందే పోవడంతో అసలు పళ్ళు దారి తప్పి వంకరగా వచ్చాయి. పెద్దయ్యాక ఆ పైడమ్మే, పాక ఉన్నచోట కట్టిన ఈ గుడికి తొలి పూజారమ్మ అయింది. ముసలితనం వచ్చినా నవ్వినప్పుడు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు ఆమెను వదల్లేదు.

నేటికీ ఇక్కడ తల్లులు ముందు అమ్మవారి పళ్ళు వేప పుల్లతో తోమి, తర్వాత బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని తోముతారు. పళ్ళు రాని పసివాళ్ళకు చిగుళ్ళు తడి గుడ్డతో తుడుస్తారు. బెల్లం ప్రసాదం ఆ తర్వాతే. తిన్నాక అందరూ పుక్కిలించాలి. నిద్రపోయే బిడ్డ నోట్లో ప్రసాదమైనా పెట్టనివ్వరు. "పాలపళ్ళే కదా" అన్నవారు ఏటి నుంచి బిందెడు నీళ్ళు మోసుకు రావాలి. నొప్పితో ఏడ్చే బిడ్డను తెస్తే పూజారమ్మ హారతి కూడా ఇవ్వదు. "ముందు పళ్ళ డాక్టరు దగ్గరకు పదండి, అమ్మ ఎక్కడికీ పోదు" అని గుమ్మంలోంచే పంపేస్తుంది.

ఇంటికి వెళ్ళి ఉదయం, పడుకోబోయే ముందు తమ చేత్తో బిడ్డ పళ్ళు తోమేవారికి అమ్మవారు ఇచ్చే వరం చిన్నదే. ఆ బిడ్డ నవ్వేటప్పుడు చెయ్యి మూతి మీదకు పోదు.